కార్తీక మాసంలో గుమ్మడికాయ సూపు: ఉల్లి, వెల్లుల్లి లేకుండా

ఆశ్వయుజం వెళ్లి కార్తీకం రాగానే మా ఇంట్లో ఉల్లిపాయల బుట్ట నెల రోజుల పాటు అటకెక్కుతుంది. కూరలకూ పప్పుకూ దానివల్ల పెద్ద ఇబ్బందేమీ రాదు, ఇంగువ, అల్లం, జీలకర్ర ఆ లోటు తీర్చేస్తాయి. చిక్కంతా సూపుతోనే. సూపు వండే పద్ధతి ఏ పుస్తకంలో చూసినా మొదటి వాక్యంలోనే ఉల్లిపాయ తరుగు, వెల్లుల్లి రెబ్బలు ఉంటాయి. వాటిని తీసేసి మిగిలినదంతా అలాగే చేస్తే చివరకు గిన్నెలో మిగిలేది కూరగాయలు ఉడికిన నీళ్లే. పగలంతా ఉపవాసం ఉండి చుక్కను చూశాక భోజనానికి కూర్చునేవారికి, ఖాళీ కడుపులో తేలికగా ఇమిడేది సూపు కంటే మరొకటి లేదు కనుక, ఈ చిక్కు విప్పుకోవడం అవసరమని నాకు తోచింది. నాలుగైదేళ్లుగా చేస్తూ తెలుసుకున్నది ఇంతే: సూపుకు రుచి ఉల్లిపాయ వల్ల రాదు, ఉల్లిపాయను మగ్గించడం వల్ల వస్తుంది. ఆ మగ్గించే పని గుమ్మడికాయకు చేసినా రుచి వస్తుంది. దానికి తోడు, మనం చెత్తబుట్టలో వేసే గుజ్జునూ కాడలనూ మరిగించి తీసిన నీళ్లు వాడుకుంటే మరింకేమీ అక్కరలేదు.

ముందుగా ఈ కాలంలో ఏమేమి దొరుకుతాయో చూద్దాం. శరదృతువు అంటే ఆశ్వయుజ, కార్తీక మాసాలు, సుమారుగా అక్టోబరు, నవంబరు. వానకాలంలో పాకిన తీగల కాయలన్నీ అప్పటికి ముదిరి బజారుకు వస్తాయి. తీపి గుమ్మడి, సొరకాయ, చేమదుంప, కంద, చిలగడదుంప పుష్కలంగా ఉంటాయి, చిక్కుడు అప్పుడప్పుడే మొదలవుతుంది, ఉసిరికాయ సరేసరి. పచ్చి బఠానీ, గట్టి కాలీఫ్లవర్ పూలు, పచ్చి కందికాయలు చలి ముదిరాక వచ్చేవి కనుక, ఇప్పుడు వాటి కోసం వెతికి ఎక్కువ ధర పెట్టడం దండగ. ఆకుకూరల విషయంలో మాత్రం కోస్తా వాళ్లు కొంచెం జాగ్రత్తగా ఉండాలి. ఈశాన్య రుతుపవనాలూ తుపానులూ వచ్చేది ఈ నెలల్లోనే, అందువల్ల వాన వెలిసిన మర్నాడు వచ్చే పాలకూర, తోటకూర కట్టలు సగం బురదతో ఉంటాయి, నాలుగైదు నీళ్లు మార్చి కడిగితే గాని ఇసుక పోదు.

ఈ సూపుకు ప్రధానమైనది తీపి గుమ్మడికాయ. వడియాలు పెట్టుకునే బూడిద గుమ్మడి కాదని వేరే చెప్పనక్కరలేదు. కాయ మొత్తంగా కొనేవారు తొడిమ ఊడకుండా, ఎండి చెక్కలాగా ఉన్నదాన్ని తీసుకోవాలి, గోటితో నొక్కితే చెక్కు మీద గాటు పడకూడదు, చేతిలోకి తీసుకుంటే చూపుకు మించిన బరువుండాలి. తొడిమ ఉన్న పండిన కాయ గాలి తగిలే చోట నెలల తరబడి చెడిపోకుండా ఉంటుంది, వెనుకటి ఇళ్లలో వాసాలకు ఉట్లు కట్టి వాటిని వేలాడదీయడంలోని కిటుకు ఇదే. చిన్న కుటుంబానికి ఐదారు కిలోల కాయ ఏం చేసుకోవాలన్నది మరో సమస్య. బెంగళూరులోని భారతీయ ఉద్యాన పరిశోధన సంస్థ రూపొందించిన అర్క చందన్ వంటి రకాలు రెండు మూడు కిలోలకు మించవు, దొరికితే అవి తీసుకోవడం మేలు. లేకపోతే రైతుబజారులో ముక్క కోయించుకోవచ్చు. ముక్క కొనేటప్పుడు కండ కంటే ముందు గింజల వంక చూడాలి. గింజ బొద్దుగా, గట్టిగా ఉంటే కాయ తీగ మీదే పండిందన్నమాట, పలచగా, పొల్లుగా ఉంటే ముందే కోసేశారన్నమాట. అటువంటి కాయకు రంగు వచ్చినా తీపి రాదు.

అమెరికాలో ఉన్నవారికి ఒక మాట. అక్టోబరులో దుకాణాల ముందు కుప్పలుగా పోసే పెద్ద పెద్ద నారింజ రంగు గుమ్మడికాయలు ముఖాలు చెక్కి దీపాలు పెట్టుకోవడానికి పనికివచ్చేవే గాని వంటకు పనికివచ్చేవి కావు. వాటి కండలో నీరూ పీచూ ఎక్కువ, తీపి తక్కువ. వాటికి బదులు సొరకాయ ఆకారంలో, లేత గోధుమ రంగులో ఉండే బటర్‌నట్ స్క్వాష్ తీసుకోండి. మన తీపి గుమ్మడిలో ఎక్కువ రకాలు చెందిన వృక్షజాతే దానిదీ, కనుక రుచిలో దగ్గర చుట్టమే. గట్టి ఆకుపచ్చ చెక్కు ఉండే కబోచా దొరికితే ఇంకా మంచిది, కాకపోతే దాని కండ పొడిగా ఉంటుంది కాబట్టి నీళ్లు ఒక గ్లాసు ఎక్కువ పడతాయి.

నలుగురికి కావలసిన కొలతలు చెబుతాను. చెక్కు తీసి, గుజ్జు తోడేసిన గుమ్మడి ముక్కలు 700 గ్రాములు ఉండాలి, అంటే బజారులో సుమారు కిలో ముక్క కొనుక్కోవాలి. లేత సొరకాయ ముక్కలు 200 గ్రాములు, ఒక మోస్తరు క్యారట్, రెండు నాటు టమాటాలు, రెండు టేబుల్‌స్పూన్ల పెసరపప్పు, అంగుళం అల్లం ముక్క, అర చెంచా జీలకర్ర, ముప్పావు చెంచా మిరియాలు, ఒక రెబ్బ కరివేపాకు, చిన్న కట్ట కొత్తిమీర, ఒక ఉసిరికాయ, ఒక టేబుల్‌స్పూను వేరుశనగ నూనె, రెండు చెంచాల నెయ్యి, తగినంత ఉప్పు సిద్ధం చేసుకోవాలి. వీలైతే అర కప్పు చిక్కటి కొబ్బరిపాలు. కోనసీమ వాళ్లు వద్దన్నా పోస్తారు గాని, అవి లేకపోయినా సూపుకు లోటేమీ రాదు.

సొరకాయ కోయగానే చిన్న ముక్క నోట్లో వేసుకుని రుచి చూడడం అలవాటు చేసుకోవాలి. చేదుగా ఉంటే ఆ ముక్క ఉమ్మేసి, కాయ మొత్తాన్ని పారేయాలి, ఉడికితే పోతుందిలే అనుకోకూడదు. సొర, గుమ్మడి కుటుంబపు కాయల్లో అప్పుడప్పుడు ఏర్పడే కుకుర్బిటాసిన్లు అనే విష పదార్థాలే ఆ చేదుకు కారణం, పొయ్యి వేడికి అవి నశించవు, వాంతులతో మొదలై ప్రాణం మీదకు కూడా రావచ్చు. చేదు సొరకాయ రసం తాగి మన దేశంలోనే మనుషులు చనిపోయారు, చేదుగా ఉంటే తాగవద్దని భారత వైద్య పరిశోధన మండలి కూడా చెప్పింది. గుమ్మడికాయకూ ఇదే నియమం.

గుమ్మడికాయను కోసేటప్పుడు, ముఖ్యంగా నిండు కాయైతే, కత్తిపీట మీద కంటే నేల మీద తడిగుడ్డ పరిచి, దాని మీద కాయ కదలకుండా నిలబెట్టి పెద్ద చాకుతో కోయడం క్షేమం. ఆడవాళ్లు గుమ్మడికాయ కొట్టకూడదని, మొదటి గాటు మగవాళ్లే పెట్టాలని పెద్దవాళ్లు అంటారు. ఆచారం వెనుక కారణం ఏదైనా, ఆ బండపని ఇంట్లో మగవాళ్లకు అప్పగించే సాకు దొరికింది కనుక నేను దాన్ని తు.చ. తప్పకుండా పాటిస్తాను. రెండు చెక్కలయ్యాక గుజ్జును గింజలతో సహా చెంచాతో గీకి ఒక గిన్నెలో ఉంచుకోవాలి. పారేయవద్దు, మన వంట దానితోనే మొదలవుతుంది.

గింజలను ఏరి పక్కన పెట్టి, మిగిలిన పీచు గుజ్జు, సొరకాయ మధ్యలోని మెత్తటి భాగం, క్యారట్ తొడిమ దగ్గర కోసిన ముక్క, శుభ్రంగా కడిగిన అల్లం పొట్టు, కొత్తిమీర కాడలు, నాలుగు మిరియపు గింజలు కలిపి లీటరున్నర నీళ్లలో వేసి పొయ్యి మీద పెట్టాలి. ఒక పొంగు రాగానే సెగ తగ్గించి, మూత ఓరగా పెట్టి, అరగంట సేపు సన్నగా మరగనిచ్చి వడకట్టాలి. పప్పు ఉడికాక పైకి తేలిన నీటిని కట్టు అంటాం కదా, దీన్ని నేను కూరగాయల కట్టు అంటాను. లేత పసుపు రంగులో, కొంచెం తీపిగా, అల్లం వాసనతో సుమారు లీటరుంబావు వస్తుంది. అరగంటకు మించి మరిగించినా అదనంగా వచ్చే సారమేమీ ఉండదు, కొత్తిమీర కాడలు పసరు వాసన వేయడం మొదలుపెడతాయి. ఇందులో క్యాబేజీ, కాలీఫ్లవర్ మొదళ్లు వేయకూడదు, వాటిలోని గంధకపు వాసన మరిగేకొద్దీ పెరిగి మిగిలినవాటిని మింగేస్తుంది. వంకాయ తొడిమలు వేస్తే వగరు, బీట్‌రూట్ పొట్టు వేస్తే గులాబీ రంగు. గుమ్మడి చెక్కు కూడా నేను వేయను, దాని మీద ఏ మందు కొట్టారో, ఏ బస్తాలో దొర్లివచ్చిందో తెలియదు కనుక.

కట్టు మరుగుతున్న అరగంటలో అసలు పని జరగాలి. గుమ్మడికాయను అంగుళం ముక్కలుగా, క్యారట్‌ను అంతకంటే సన్నగా తరుక్కోవాలి. అడుగు మందంగా ఉన్న వెడల్పాటి మూకుడు పొయ్యి మీద పెట్టి, నూనె, ఒక చెంచా నెయ్యి వేసి, కాగాక ముందు క్యారట్, తరువాత గుమ్మడి ముక్కలు ఒకే వరుసగా పరుచుకునేలా వేయాలి. ఒకదాని మీద ఒకటి పోగుపడితే పై ముక్కలు ఆవిరికి ఉడుకుతాయే గాని మగ్గవు, మూకుడు చిన్నదైతే రెండు వాయిలుగా చేసుకోవడం మంచిది. చిటికెడు ఉప్పు చల్లి మూత పెట్టి సెగ బాగా తగ్గించాలి. ఉప్పు తగలగానే ముక్కలు నీరు వదులుతాయి, మూత మీద చెవి పెట్టినట్టుగా వింటే ఐదు నిమిషాల వరకు బుసబుసమనే తడి చప్పుడు వినిపిస్తుంది. పది నిమిషాలకు ఆ చప్పుడు సన్నగిల్లి, సన్నని చిటపటలోకి మారుతుంది. నీరు ఇంకిపోయిందనీ ఇక మూత తీయవలసిన సమయమైందనీ దాని అర్థం. అప్పటి వరకూ దోసకాయ కోసినప్పటి పచ్చి వాసన వేస్తున్న మూకుడు, మూత తీసి సెగ కొంచెం పెంచిన మూడు నాలుగు నిమిషాలకు నిప్పుల్లో కాల్చిన చిలగడదుంప వాసన వేయడం మొదలుపెడుతుంది. ముక్కల అంచులు గోధుమ రంగుకు తిరుగుతాయి, మూకుడు అడుగున పలచని ఎర్రటి పొర అంటుకుంటుంది.

ఆ పొరను చూసి మాడిపోతోందని కంగారుపడి చాలామంది పొయ్యి ఆర్పేస్తారు. నల్లబడనంత వరకు భయం లేదు, ఉల్లి లేని సూపుకు లోతు ఇచ్చేది ఆ పొరే. ఒక గరిటెడు వేడి కట్టు పోసి, చెక్క గరిటెతో అడుగు గీకితే అది మొత్తం కరిగి ముక్కలకు పడుతుంది, నీళ్లు ఒక్కసారిగా తేనె రంగుకు మారతాయి. నూనె, నెయ్యి వేసి మగ్గించడంలో మరో ప్రయోజనం కూడా ఉంది. గుమ్మడికి ఆ రంగు ఇచ్చే కెరోటిన్ కొవ్వులో కరిగేది, నీళ్లలో కరిగేది కాదు, కనుక ఆ కాస్త నెయ్యి ఉంటేనే అది ఒంటికి పడుతుంది. నూనె చుక్క లేకుండా సూపు చేసి ఆరోగ్యం అనుకునేవారు ఈ సంగతి గమనించాలి.

పక్క పొయ్యి మీద పెసరపప్పును కమ్మటి వాసన వచ్చేదాకా, రంగు మరీ మారకుండా వేయించి, కడిగి ఉంచుకోవాలి. సూపులో పప్పేమిటని ఆశ్చర్యపోయేవారికి: సంస్కృతంలో సూపమంటే పప్పనే అర్థం, వంటవాణ్ణి సూపకారుడని అనడం అందుకే. ఇంగ్లీషు సూపు ఫ్రెంచి నుంచి వచ్చిన వేరే మాటే అయినా, మన పొయ్యి మీద రెండింటికీ పొత్తు కుదురుతుంది. హోటళ్లలో సూపు చిక్కదనానికి మొక్కజొన్న పిండి కలుపుతారు. ఒకసారి ఒక పెళ్లి విందులో నాకు వడ్డించిన టమాటా సూపు చల్లారేసరికి చెంచా నిలబడేంత జిగటగా తయారైంది. పెసరపప్పు అలా జిగటపడదు, నోటికి మెత్తదనం ఇస్తుంది, ఉపవాసం ఉన్నవారికి కాస్త బలమూ ఇస్తుంది.

పప్పు, సొరకాయ ముక్కలు, తరిగిన అల్లం మూకుట్లో వేసి, మిగిలిన కట్టులో మూడు వంతులు పోసి, మూత పెట్టి ఇరవై నిమిషాలు ఉడికించాలి. టమాటా ఇప్పుడే వేయకూడదు. పులుపు తగిలితే కూరగాయ ముక్కలూ పప్పూ బిరుసెక్కి త్వరగా మెత్తబడవు, చింతపండు ముందే వేసిన పప్పు ఎంతసేపటికీ ఉడకకపోవడం మనకు తెలిసిందే. పప్పు వేళ్ల మధ్య నలిగేంత మెత్తబడ్డాక టమాటా ముక్కలు వేసి ఇంకో ఐదారు నిమిషాలు ఉంచితే చాలు. తొందరలో ఉన్నవారు మగ్గించడం మూకుట్లో పూర్తి చేసి, తరువాతి భాగం ప్రెషర్ కుక్కర్‌లో రెండు కూతలకు ముగించవచ్చు. మగ్గించడం మాత్రం కుక్కర్‌కు వదిలేయడానికి వీల్లేదు, మూత బిగించిన కుక్కర్‌లో ఏదీ ఎర్రబడదు.

ఇక మెదపడం. ఇక్కడ నేను పడిన పాట్లు చెప్పి తీరాలి. మొదటి ఏడాది ఆకలి మీద ఆగలేక, పొగలు కక్కుతున్న సూపును మిక్సీ జారు నిండా పోసి మూత బిగించి తిప్పాను. లోపలి ఆవిరి ఒక్కసారిగా వ్యాకోచించి మూతను ఎగరగొట్టింది, వంటింటి గోడకు పసుపు కుంకుమలు పెట్టినట్టయింది, ముంజేతి మీద మచ్చ మూడు నెలలు ఉంది. అప్పటి నుంచి పాటిస్తున్న పద్ధతి ఇది: ముక్కలను చిల్లుల గరిటెతో తీసి వెడల్పాటి పళ్లెంలో పరిచి గోరువెచ్చగా అయ్యేదాకా ఆగుతాను, జారులో సగానికి మించి నింపను, నీళ్లు విడిగా ఉంచి తరువాత కలుపుతాను. అసలు మిక్సీయే లేకుండా పప్పుగుత్తితో మెదిపినా సూపు బాగుంటుంది, నిజానికి నాకు అక్కడక్కడా పలుకు తగిలే ఆ సూపే ఎక్కువ ఇష్టం. మరీ నున్నగా కావాలనుకునేవారు మిక్సీ పట్టాక టమాటా తొక్కలు పోయేలా జల్లెడలో వడకట్టుకోవచ్చు.

మెదిపిన గుజ్జును తిరిగి గిన్నెలోకి తీసుకుని, మిగిలిన కట్టును కొద్దికొద్దిగా కలుపుతూ పలచన చేసుకోవాలి. గరిటె వెనుక వైపు సూపులో ముంచి తీసి, దాని మీద వేలితో గీత గీస్తే ఆ గీత పూడిపోకుండా రెండు మూడు క్షణాలు నిలవాలి, అది సరైన పాకం. ఉప్పు ఇప్పుడు చూసి వేయాలి, ముప్పావు చెంచాతో మొదలుపెట్టి రుచి చూస్తూ పెంచుకోవడం మంచిది, ఎందుకంటే తీపి గుమ్మడిలో ఉప్పు సరిపోయిందో లేదో నాలుకకు వెంటనే అందదు. కొబ్బరిపాలు పోసేవారు పొయ్యి ఆర్పిన తరువాతే పోయాలి, తెరలనిస్తే విరిగినట్టు నూనె తేలుతుంది.

అప్పటికి సూపు బాగానే ఉంటుంది గాని, తీపి ఒక్కటే పైకి తేలుతూ ఉంటుంది. ఆ తీపిని అణచడానికి పుస్తకాలు నిమ్మరసం చెబుతాయి, కార్తీకంలో మనకు ఉసిరికాయ ఉంది. ఊరగాయకు వాడే పెద్ద ఉసిరికాయను కోరాముతో సన్నగా తురిమి, దించిన తరువాత రెండు చెంచాలు కలిపితే మొదట పులుపు, తరువాత వగరు, నీళ్లు తాగాక తీపి, ఇలా ఒకదాని వెనుక ఒకటి వస్తాయి. పొయ్యి మీద ఉండగా వేస్తే దానిలోని సి విటమిన్ కొంత పోతుంది, వగరు మాత్రం మిగులుతుంది. రాత్రిపూట, ఆదివారం నాడు ఉసిరి తినకూడదనే పట్టింపు ఉన్న ఇళ్లలో నిమ్మకాయతోనే సరిపెట్టుకోవాలి, అర చెక్క రసం చాలు.

పోపు చివరి పని. మిగిలిన చెంచా నెయ్యి కాగాక జీలకర్ర, కరివేపాకు, అప్పటికప్పుడు కచ్చాపచ్చాగా దంచిన మిరియాలు వేసి, మిరియాలు ఘాటు వాసన కొట్టగానే సూపు మీద వంచేయాలి. మిరియాల పొడి ముందే వేసి మరిగిస్తే కారం మిగులుతుంది, పరిమళం ఆవిరితో పోతుంది. పక్కన పెట్టిన గింజలను కడిగి, గుడ్డ మీద రాత్రంతా ఆరబెట్టి, మర్నాడు మూకుట్లో చిటపటలాడేదాకా వేయిస్తే వాటి పైపొట్టు తేలిగ్గా విడుతుంది. లోపలి ఆకుపచ్చ పప్పును తరువాతి వాయి సూపు మీద చల్లుకోవచ్చు, ఒలిచిన పిల్లలు ముందే తినేయకపోతే.

ఇదే కట్టుతో మెదపకుండా ముక్కల సూపు చేయాలనుకుంటే, గుమ్మడి సగానికి తగ్గించి క్యారట్, ఈనె తీసిన చిక్కుడు, ముల్లంగి చేర్చుకోవచ్చు. అన్నీ ఒకేసారి వేస్తే కొన్ని చిదిమిపోయి కొన్ని కరకరలాడతాయి కనుక, కట్టు తెరలుతుండగా క్యారట్, ముల్లంగి ముందు వేసి, నాలుగైదు నిమిషాలకు చిక్కుడు, మరో రెండు నిమిషాలకు మగ్గించిన గుమ్మడి, సొరకాయ వేయాలి. పాలకూర దించే ముందు ఒక్క నిమిషం ఉంటే చాలు.

సూపు చల్లారాక మూత ఉన్న గిన్నెలో ఫ్రిజ్‌లో రెండు మూడు రోజులు ఉంటుంది, కొబ్బరిపాలూ ఉసిరీ కలపకముందే దాచుకోవాలి. పెసరపప్పు వల్ల మర్నాటికి ముద్దకడుతుంది, వేడినీళ్లు పోసి సన్న సెగ మీద కలుపుతూ వెచ్చబెడితే మళ్లీ మామూలవుతుంది. గ్లాసెడు సూపే మిగిలితే మాత్రం నేను దాన్ని వెచ్చబెట్టను. రెండు కప్పుల గోధుమపిండిలో నీళ్లకు బదులు దాన్నే పోసి, చిటికెడు వాము నలిపి వేసి చపాతీ పిండి కలుపుతాను. పసుపురంగు తిరిగి మెత్తగా వచ్చే ఆ చపాతీలకు ఉసిరికాయ పచ్చడి తప్ప వేరే కూర అక్కరలేదు.